ఫోన్ నాకే వస్తుంది

మొన్న మార్చిలో ఒక బుధవారం పొద్దున ఆరున్నరకు ఫోన్ మోగింది. నిజామాబాద్ గంజ్‌లో పసుపు వ్యాపారం చేసే ఒక పెద్దాయన. ఆయన వెబ్‌సైట్, మెయిల్ రెండూ నేనే చూసేవాణ్ణి. "బిడ్డా, సైట్ వస్తలేదు. మెయిల్ గూడ ఓపెన్ అయితలేదు. సాంగ్లీ ఆయన రాత్రే ఆర్డర్ పంపిండట, నాకు రాలే" అన్నాడు. హాస్టల్ మంచం మీద లేచి కూర్చుని "ఒక్క గంట అంకుల్, చూస్తా" అన్నాను.

ఆ ఒక్క గంట మూడు రోజుల నాలుగు గంటలు అయింది.

మన కాలేజీలో ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురైనా ఈ పని చేస్తున్నారు. అన్న ఫంక్షన్ హాల్‌కి ఒక సైట్, మామయ్య క్లినిక్‌కి ఒక సైట్, అలా మొదలై "నేను హోస్టింగ్ బిజినెస్ చేస్తున్నా" దాకా వస్తుంది. అందుకే ఈ వ్యాసం. నా తెలుగు ఇంగ్లిష్ మీడియం తెలుగు, తప్పులుంటే క్లబ్ సీనియర్లు దిద్దుతారు. కానీ ఈ విషయంలో నేను తిన్న దెబ్బ మాత్రం అసలైనది.

ముందు తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. రీసెల్లర్ హోస్టింగ్ అంటే హోల్‌సేల్‌లో కొని రిటైల్‌లో అమ్మడం. ఒక పెద్ద కంపెనీ దగ్గర సర్వర్‌లో కొంత జాగా నెలకింత అని తీసుకుంటాం. డబ్ల్యూహెచ్ఎం అనే ప్యానెల్‌లో దాన్ని ముక్కలు చేసి, ఒక్కో క్లయింట్‌కి ఒక్కో సీప్యానెల్ అకౌంట్ ఇస్తాం. సర్వర్ మనది కాదు, కరెంటు మనది కాదు, దాన్ని రిపేర్ చేసే మనిషి ఎవరో మనకు తెలియదు. కానీ బిల్లు మీద పేరు మనది. దీన్ని వైట్ లేబుల్ అంటారు. పైన ఎవరున్నారో క్లయింట్‌కి కనపడకుండా నేమ్‌సర్వర్లు కూడా మన పేరుతోనే పెట్టుకోవచ్చు. అమ్మే కంపెనీలు దీన్ని గొప్ప సౌకర్యంగా చెబుతాయి. నేను కూడా ఫస్టియర్‌లో అలాగే అనుకున్నాను. పందొమ్మిదేళ్లకే నా పేరుతో నేమ్‌సర్వర్! ఇన్‌స్టాలో స్టోరీ కూడా పెట్టాను.

నా లెక్క ఇది. నిజామాబాద్‌లో, బోధన్‌లో కలిపి 11 మంది క్లయింట్లు. డెంటల్ క్లినిక్, కోచింగ్ సెంటర్, విత్తనాల షాపు, ఫంక్షన్ హాల్, ఇలాంటివి. ఒక్కొక్కరి దగ్గర ఏడాదికి 2,500 రూపాయలు, అంటే మొత్తం 27,500. రీసెల్లర్ ప్లాన్‌కి నెలకు 700 చొప్పున 8,400. డొమైన్లకు ఒక్కోదానికి 900 చొప్పున 9,900. పోగా మిగిలేది 9,200. ఇంట్లో అడగకుండా సెమిస్టర్ పుస్తకాలు, బస్ పాస్, అప్పుడప్పుడు బిర్యానీ. నాకు అది పెద్ద డబ్బే.

ఆ 700 ప్లాన్‌ని ఎలా ఎంచుకున్నానంటే, ధర చూసి. ఇంకేమీ చూడలేదు. "అన్‌లిమిటెడ్" అని రాసి ఉంది, "99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ" అని ఉంది, "రోజూ బ్యాకప్" అని ఉంది. చాలనుకున్నాను.

బుధవారం ఏం జరిగిందో చెప్తా. పొద్దున ఏడింటికి టికెట్ పెట్టాను. "మా టీమ్ పని చేస్తోంది" అని జవాబు. మధ్యాహ్నం ఇంకో టికెట్, అదే జవాబు, అక్షరం మారలేదు. వాళ్ల స్టేటస్ పేజీ చూస్తే అన్నీ పచ్చగానే ఉన్నాయి! గురువారం మిడ్ ఎగ్జామ్ రాస్తూ కూడా మనసంతా ఫోన్ మీదే. శనివారం సర్వర్ లేచింది. డిస్కులు పోయాయట, బ్యాకప్ నుంచి తెచ్చారట. ఆ "రోజూ బ్యాకప్" తారీఖు చూస్తే 19 రోజుల కిందటిది.

దాని అర్థం ఏమిటో పసుపు వ్యాపారికి ఫోన్‌లో చెప్పాల్సి వచ్చింది. ఆయన 19 రోజుల మెయిళ్లు లేవు. ఆ మూడు రోజుల్లో కొత్తగా వచ్చినవి మాత్రం చాలావరకు తర్వాత చేరాయి. ఎందుకంటే అవతలి సర్వర్ ఒకసారి అందకపోతే వెంటనే వదిలేయదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. సాంగ్లీ ఆయన ఆర్డర్ కూడా అలాగే శనివారం వచ్చింది. అప్పటికి ఆయన వేరే దగ్గర సరుకు తీసుకున్నాడు. పసుపు సీజన్‌లో మూడు రోజులంటే ఏమిటో గంజ్ చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

నేను "అంకుల్, తప్పు నాది కాదు, పైన కంపెనీది" అన్నాను. ఆయన కోప్పడలేదు. "కంపెనీ ఎవరిదో నాకేం తెల్సు బిడ్డా. నేను పైసలిచ్చింది నీకు" అన్నాడు.

ఆ ఆదివారం ఊరికి పోయాను. మాది రుద్రూరు వైపు. మా తాత చెరుకు పండించిన మనిషి. మొహం చూసి ఏమైందని అడిగితే, సర్వర్, రీసెల్లర్ అని ఇంగ్లిష్‌లో కాకుండా చెప్పడానికి తంటాలు పడ్డాను. "నేను జాగా కిరాయికి తీస్కొని వేరేవాళ్లకు కిరాయికి ఇచ్చిన తాతా, అసలు బిల్డింగే పడిపోయింది" అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది. నాకు అర్థం కానిది ఆయన తర్వాత అడిగిన ప్రశ్న.

బోధన్ వైపు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ల కోసం చెబుతున్నా. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937 నాటిది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. నిజాంసాగర్ నీళ్లు, చుట్టూ చెరుకు, మధ్యలో ఫ్యాక్టరీ. ఊరి పేరులోనే శక్కర్ ఉంది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. దానితోపాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు కూడా. నాకప్పుడు పదేళ్లు. ఎందుకు మూతపడింది, ఎవరిది తప్పు అనేది ఈ వ్యాసంలో తేలే విషయం కాదు. నాకు గుర్తున్నది ఇంట్లో పెద్దవాళ్ల మాటలు మాత్రమే: చేనులో నిలబడ్డ చెరుకును ఎక్కడికి తోలాలి, లారీ కిరాయి ఎంత, దారిలో ఎన్ని రోజులు.

"చెరుకు కొట్టినంక ఆగదు బిడ్డా" అంటాడు తాత. "కొట్టిన రోజు, మహా అంటే తెల్లారి, అంతల గానుగ పట్టాలె. లేకుంటే బరువు తగ్గుతది, తీపి తగ్గుతది. వడ్లయితే ఇంట్ల పోసుకొని ఆగొచ్చు. చెరుకుకు ఆ వీలు లేదు. అందుకే ఫ్యాక్టరీ ఎంత మంచిదన్నది ఒక్కటే కాదు, అది ఆగిన రోజు ఇంకోకాడికి తోలే దారి ఉందా అన్నది సూడాలె."

తర్వాత అడిగాడు: "మరి నీ సరుకు ఇంకోకాడికి తీస్కపోయే బండి నీకాడ ఉన్నదా?"

లేదు. నా 11 డొమైన్లు కూడా అదే కంపెనీలో, నా పేరు మీదే కొన్నాను. బ్యాకప్ వాళ్ల దగ్గరే. నేమ్‌సర్వర్లు వాళ్లవే. సర్వర్ పడిపోయిన మూడు రోజులు వేరే చోటికి పోదామన్నా తీసుకుపోవడానికి నా దగ్గర ఒక్క ఫైల్ లేదు.

ఈ పోలికను ఎక్కువ లాగను. ఫ్యాక్టరీ ఆగితే కార్మికుల ఇళ్లు ఆగాయి, రైతులు పంట మార్చుకున్నారు. నాకు పోయింది కొంత పరువు, కొంత పాకెట్ మనీ. రెండూ ఒకటి కాదు. కానీ తాత ప్రశ్న మాత్రం హోస్టింగ్‌కి సరిగ్గా సరిపోతుంది. నా అభిప్రాయం ఒక్క మాటలో ఇది: ఎప్పుడూ పడిపోని ప్రొవైడర్ కోసం వెతకొద్దు, పడిపోయిన రోజు ఇబ్బంది లేకుండా వదిలి రాగలిగే ప్రొవైడర్ కోసం వెతకండి.

ఇది చెబితే ఫ్రెండ్స్ మూడు రకాల సలహాలు ఇచ్చారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, కొంత లేదు.

మొదటిది, "పెద్ద బ్రాండ్ తీసుకోరా, గొడవ ఉండదు." బ్రాండ్లు వేరైనా వెనక మిల్లు ఒకటే కావచ్చు. 2013 ఆగస్టు 2న అమెరికాలోని యూటా రాష్ట్రం ప్రోవోలో ఒక డేటా సెంటర్‌లో సమస్య వస్తే బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, హోస్ట్‌మాన్‌స్టర్, జస్ట్‌హోస్ట్ నాలుగూ దెబ్బతిన్నాయి. అప్పట్లో నాలుగూ ఎండ్యూరెన్స్ అనే ఒకే కంపెనీవి. మనవాళ్లు ఎక్కువగా వాడే బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్ కూడా మన దేశంలో డైరెక్టి మొదలుపెట్టినవే, 2014లో అదే ఎండ్యూరెన్స్ చేతికి వెళ్లాయి. పెద్దది అంటే చెడ్డది అని కాదు. కానీ ఒక సైట్ ఒక బ్రాండ్‌లో, బ్యాకప్ ఇంకో బ్రాండ్‌లో పెట్టి నిశ్చింతగా పడుకునే ముందు ఆ రెండిటి యజమాని ఒకరేనా అని చూసుకోవాలి.

రెండోది, "రివ్యూలు చూడు." చూశాను. టాప్ 10 హోస్టింగ్ అని రాసే సైట్లలో చాలావాటికి మనం ఆ లింక్ నొక్కి కొంటే కమీషన్ వస్తుంది. ఆ జాబితాలో ఎవరు పైనున్నారో చూసి నిర్ణయించడం అంటే బ్రోకర్ మాట మీద ఇల్లు కొనడమే.

మూడోది, "ఫ్రీ వాటిలో పెట్టెయ్." ఇందులో చాలా నిజం ఉంది. ఫంక్షన్ హాల్ ఫోటోలు, ఫోన్ నంబర్, మ్యాపు మాత్రమే ఉన్న సైట్‌కి గిట్‌హబ్ పేజెస్ చాలు. దానికి ఏడాదికి 2,500 తీసుకోవడం నాకే ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ సొంత డొమైన్‌తో మెయిల్ కావాలన్నా, కోచింగ్ సెంటర్‌లాగా లాగిన్, డేటాబేస్ కావాలన్నా అది సరిపోదు. మన ఊళ్లో డబ్బులిచ్చే క్లయింట్లకు ఎక్కువగా కావాల్సింది ఆ మెయిలే.

మరి ఎలా ఎంచుకోవాలి? నేను రెండోసారి ఎంచుకున్నప్పుడు చేసినవి చెబుతా.

అంకెలను గంటల్లోకి మార్చాను. 99.9 శాతం అప్‌టైమ్ అంటే ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు ఆగినా వాళ్లు మాట తప్పనట్టే. గ్యారంటీ తప్పితే వాళ్లు ఇచ్చేది ఏమిటో కూడా చదవాలి. చాలాచోట్ల వచ్చే నెల బిల్లులో కొంత తగ్గింపు, అంతే. నా 700లో కొన్ని రూపాయలు తగ్గితే పసుపు ఆర్డర్ తిరిగి రాదు. "అన్‌లిమిటెడ్" అన్న చోట షరతుల పేజీలో ఇనోడ్ లిమిట్ ఎంతో చూడాలి. ఇనోడ్ అంటే సులువుగా చెప్పాలంటే ఫైళ్ల లెక్క. జాగా మిగిలున్నా ఆ లెక్క నిండితే కొత్త మెయిల్ కూడా లోపలికి రాదు.

కొనకముందే టికెట్ పెట్టాను. ఆదివారం రాత్రి రెండింటికి, కాపీ పేస్ట్ జవాబు కుదరని ప్రశ్న అడిగాను: "నా క్లయింట్ మెయిల్ వెళ్లే ఐపీ అడ్రస్‌ని వేరే కస్టమర్ స్పామ్ వల్ల బ్లాక్‌లిస్ట్‌లో పెడితే మీరు ఏం చేస్తారు, ఎన్ని గంటల్లో?" షేర్డ్ సర్వర్‌లో పక్కింటివాడు స్పామ్ పంపితే మన మెయిల్ కూడా స్పామ్‌లో పడుతుంది, కాబట్టి ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. నలుగురిని అడిగాను. ఇద్దరు "మా ప్లాన్లు చూడండి" అని లింక్ పంపారు. ఒకరి దగ్గర్నుంచి జవాబే లేదు. ఒకరు నలభై నిమిషాల్లో, మనిషి రాసినట్టు, వాళ్ల వల్ల కానిది కూడా ఒప్పుకుంటూ రాశారు. నేను వాళ్లనే తీసుకున్నాను.

ఒక్క నెలకే కొన్నాను. మూడేళ్లకు ఒకేసారి కడితే 60 శాతం తగ్గింపు అని ఊరిస్తారు. ఆ తగ్గింపే మన కాళ్లకు తాడు. ఒక నెల డమ్మీ సైట్ పెట్టి, అప్‌టైమ్‌రోబో అనే ఫ్రీ టూల్‌తో ఐదు నిమిషాలకోసారి చెక్ చేయించాను. వాళ్ల స్టేటస్ పేజీ పచ్చగా ఉందా అన్నది కాదు, నా దగ్గర ఎంత సేపు ఆగినట్టు లెక్క వచ్చిందో అది చూశాను.

బ్యాకప్ ఉందా అని కాదు, ఎక్కడ ఉంది అని అడిగాను. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది. 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయని నెట్‌క్రాఫ్ట్ లెక్కకట్టింది. అందులో కొందరు బ్యాకప్‌కి విడిగా డబ్బు కట్టినవాళ్లే, కానీ వాళ్ల బ్యాకప్ కూడా అక్కడే ఉంది. ఇంటి తాళంచెవి నకలు చేయించి అదే ఇంట్లో దాచుకున్నట్టు. ఇప్పుడు నేను వారానికోసారి ప్రతి అకౌంట్ పూర్తి బ్యాకప్ దించి నా హార్డ్ డిస్క్‌లో ఒకటి, వేరే కంపెనీ స్టోరేజ్‌లో ఒకటి పెడుతున్నాను. నెలకోసారి అందులో ఒకదాన్ని ఖాళీ చోట రిస్టోర్ చేసి చూస్తాను. తెరిచి చూడని బ్యాకప్‌ని నేనిక నమ్మను.

అన్నిటికంటే ముఖ్యమైనది, డొమైన్‌ని హోస్టింగ్ నుంచి విడదీశాను. డొమైన్లు ఒక కంపెనీలో, సర్వర్ ఇంకో కంపెనీలో. డీఎన్ఎస్ నా చేతిలో. సర్వర్ పడిపోతే కొత్త చోట బ్యాకప్ ఎక్కించి, డీఎన్ఎస్‌లో అడ్రస్ మారిస్తే చాలు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. తాత అడిగిన బండి ఇదే. ఇంకో సంగతి, ప్రతి డొమైన్ ఇప్పుడు క్లయింట్ పేరు మీద, క్లయింట్ మెయిల్ మీదే ఉంది. రేపు నేను ఉద్యోగం వచ్చి బెంగళూరు పోతే, రెన్యువల్ మెయిల్ నా పాత ఇన్‌బాక్స్‌లో పడి ఎవరూ చూడకపోతే? గడువు దాటి డిలీట్ అయిన డాట్ కామ్ పేరును తిరిగి తీసుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్ గడువు ఉంటుంది, కానీ అప్పుడు కట్టాల్సింది మామూలు రెన్యువల్ కంటే చాలా ఎక్కువ. అది కూడా దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన నిజం కూడా ఉంది. పైవాడు నన్ను కట్టేశాడని నేను ఏడుస్తున్నాను, కానీ డొమైన్లన్నీ నా పేరు మీద పెట్టుకుని నేను నా క్లయింట్లను కట్టేయలేదా? కావాలని చేయలేదు, సులువని చేశాను. కట్టుబడ్డవాళ్లకు ఆ తేడా తెలియదు. అందుకే వైట్ లేబుల్ మీద నా అభిప్రాయం మారింది. ఇప్పుడు ప్రతి క్లయింట్‌కి తెలుగులో ఒక పేజీ కాగితం ఇస్తున్నాను. మీ సైట్ ఫలానా కంపెనీ సర్వర్‌లో ఉంది, డొమైన్ ఫలానా చోట మీ పేరు మీద ఉంది, నేను దొరక్కపోతే ఇలా చేయండి. అసలు కంపెనీ పేరు తెలిస్తే నేరుగా వాళ్ల దగ్గరికే పోతారని ఫ్రెండ్స్ భయపెట్టారు. ఎవరూ పోలేదు. విత్తనాల షాపాయన ఆ కాగితం వారంలోనే పోగొట్టుకుని, అందులో ఏముందో కనుక్కోవడానికి నాకే ఫోన్ చేశాడు.

డబ్బు సంగతి దాచను. మంచి ప్లాన్ నెలకు 1,500. ఏడాదికి 18,000, డొమైన్లకు 9,900, మొత్తం 27,900. పాత రేటుకు 11 మందితో వచ్చేది 27,500. అంటే 400 నష్టం! రేటు 3,500 చేశాను. ముగ్గురు వెళ్లిపోయారు. మిగిలిన 8 మందితో 28,000 వస్తుంది, ఖర్చు 25,200, చేతిలో మిగిలేది 2,800. ఏడాదికి. బిర్యానీలు తగ్గాయి.

అప్పుడు అర్థమైంది, పాత 9,200 నిజంగా లాభం కాదు. బ్యాకప్‌కి, సపోర్ట్‌కి, నమ్మకానికి పెట్టాల్సిన ఖర్చు పెట్టకుండా జేబులో వేసుకున్న డబ్బు అది. ఆ బాకీ గంజ్‌లో ఒక పెద్దాయన కట్టాడు. మీరు ఈ పని మొదలుపెడుతుంటే ముందు మంచి ప్లాన్ ధర తీసుకుని, దాని మీద మీ రేటు కట్టండి. ఆ రేటుకు ఎవరూ కొనకపోతే ఈ వ్యాపారం ఇంకా మీది కాదు, అంతే.

వెళ్లిపోయిన ముగ్గురిలో పసుపు వ్యాపారి ఒకరు. రేటు వల్ల కాదు, మార్చి వల్ల. వాళ్ల అల్లుడు హైదరాబాద్‌లో ఎవరినో చూశాడట. డొమైన్ ట్రాన్స్‌ఫర్‌కి కోడ్ కావాలని ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో కోడ్, ఉన్న మెయిళ్ల బ్యాకప్ రెండూ పంపాను. సాయంత్రం మళ్లీ ఫోన్ వచ్చింది. అన్నీ అందినయి అన్నాడు. కొంచెం ఆగి, "ఆ కొత్త పిలగానికి గూడ నువ్వు చేసిన కాగితం అసొంటిది ఒకటి ఇయ్యమని చెప్పిన" అన్నాడు.

క్లయింట్లున్న మిత్రులకు ఒక్క పని చెప్పి ముగిస్తా. ఈ పత్రిక మూసేసి, మీ ప్రొవైడర్ ఈ రాత్రే మాయమైపోయాడని అనుకోండి. మీ దగ్గరున్న ఫైళ్లతో మాత్రమే ఒక్క క్లయింట్ సైట్‌ని వేరే చోట లేపి చూడండి. ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. లేపలేకపోతే రేపు పొద్దునే మొదలుపెట్టండి, ఆరున్నర ఫోన్ రాకముందే.